డైనమో నాటి మోటారులు

మోటారుబండి చరిత్రను చెప్పువారు సాధారణముగా ఇంజనుతో ప్రారంభించి ఇంజనుతోనే ముగింతురు. ఎన్ని గుర్రముల బలము, గంటకు ఎన్ని మైళ్ల వేగము, ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు అనునవే ఆ కథలోని ఘట్టములు. ఇంజను ప్రక్కన బెల్టుతో తిరుగుచు, సొరకాయంత పరిమాణములో నల్లగా కనబడు డైనమోను గురించి అడుగువారు తక్కువ. కాని రాత్రివేళ నల్లగొండ, పాలమూరు మెట్టభూములలో బయలుదేరిన మోటారు తెల్లవారులోగా ఊరు చేరునా, నడిదారిలో నిలిచిపోవునా అనునది ఎంతో కాలము ఆ చిన్న యంత్రము మీదనే ఆధారపడి ఉండెడిది. దాని పుట్టుకను, దానికి వచ్చు రోగములను, ఆ రోగములను కనిపెట్టు క్రమమును నేడు నివేదింపదలచినాము.

ముందుగా ఆ నేలను, ఆ బాటలను ఒకసారి తలచుకొందము. హైదరాబాదు నుండి విజయవాడ పోవు బాట చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా నల్లగొండ సీమను పడమటి నుండి తూర్పునకు దాటిపోవును. కర్నూలు బాట షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోటల మీదుగా దక్షిణమునకు సాగి కృష్ణను, తుంగభద్రను దాటును. మూడవది శ్రీశైలము బాట. అది కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు వద్ద అడవిలో ప్రవేశించి, అమ్రాబాదు పీఠభూమి మీదుగా కృష్ణలోయకు దిగును. పరిపాలనలో ఈ రెండు జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విడిపోయినవి. కాని గుట్టలు అవే, చెలక నేలలు అవే. ఇరువదవ శతాబ్దము నడిమి వరకు ఇచ్చటి పల్లెలలో అత్యధిక భాగమునకు విద్యుత్తు లేదు. పల్లెప్రజలు కూడి వినెడి రేడియో పెట్టె సైతము బ్యాటరీతో పలుకవలసినదే. అట్టి చీకటిలో మోటారు తన వెలుగును తానే పుట్టించుకొని పోవలెను.

మోటారులు వచ్చిన తొలినాళ్లలో ఆ వెలుగు విద్యుత్తుది కాదు. ప్రక్కదీపములు కిరసనాయిలువి, ముందుదీపములు కార్బైడువి. కార్బైడు గడ్డల మీద నీటిబొట్లు పడగా పుట్టిన ఎసిటిలీను వాయువు గొట్టము ద్వారా దీపమునకు చేరి తెల్లగా మండెడిది. మహబూబ్‌నగరమునకు 1890లో ఏ ప్రభువు పేరు పెట్టబడినదో ఆ ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కోరి చేయించిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు బండి 1911 నాటిది. ఆయన అదే సంవత్సరము ఆగస్టులో కన్నుమూయుటచే అది కుమారుని ఏలుబడిలోని వాహనమైనది. చౌమహల్లా ప్రాసాదమునకు పోయినవారు దానిని చూచియే ఉందురు. సిల్వర్ ఘోస్టు బండ్లకు విద్యుద్దీపముల ఏర్పాటు 1914లో కోరినవారికి మాత్రము లభించి, 1919లో అన్నిటికిని సామాన్యమైనది. అనగా ఆ తరపు బండి ప్రభువులదైనను, పొద్దుగూకిన పిదప ఒకడు దిగి అగ్గిపుల్ల గీయవలసినదే. అందులో ఒక సుఖము కూడ కలదు. చార్జింగు చెడినదను మాట ఆ దీపములకు తెలియదు.

మార్పునకు నాంది 1912. ఆ యేడు అమెరికాలో కాడిలాకు బండ్లకు చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమర్చబడినది. హ్యాండిలుతో ఇంజనును త్రిప్పు శ్రమయు, అది వెనుకకు తన్నినపుడు చేయి విరుగు ప్రమాదమును తప్పినవి. కాని మనవారు సెల్ఫు అని పిలుచు ఆ స్టార్టరు త్రాగు విద్యుత్తు కొంచెము కాదు. ఆ ఖర్చును పూడ్చుటకు, ఇంజను నడుచుచున్నంతసేపు విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపు సాధనము అనివార్యమైనది.

అందుకు కావలసిన రెండును అప్పటికే లోకములో ఉన్నవి. సీసపు పలకల బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో చేసినాడు. డైనమోకు మూలమైన సూత్రమును ఫారడే 1831లో కనుగొనగా, 1866, 1867 సంవత్సరములలో సీమెన్సు, వీట్‌స్టన్ మొదలైనవారు దానికి మెరుగు దిద్దినారు. ఇనుములో మిగిలియున్న కొద్దిపాటి అయస్కాంత గుణముతోనే డైనమో పని ప్రారంభించును. పుట్టిన విద్యుత్తులో కొంత తన తీగచుట్లకే ఇచ్చుకొని క్రమముగా బలము పెంచుకొనును. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకము ఉంచుకొనవలెను. రోగనిర్ణయములో ఇది మరల అక్కరకు వచ్చును.

మన ప్రాంతపు వారికి ఈ ఏర్పాటును బోధించుటకు చెరువు కంటె మంచి ఉపమానము లేదు. పానగల్లు ఉదయసముద్రము మొదలు చిన్న ఊరికుంట వరకు ఈ మెట్టసీమ బ్రతుకు చెరువు మీదనే నిలిచినది. మోటారులో బ్యాటరీ చెరువు. డైనమో దానిలోనికి నీరు తెచ్చు కాలువ. దీపములు, హారను, సెల్ఫు ఆయకట్టు పొలములు. కాలువలో వరద తగ్గినపుడు చెరువునీరు వెనుకకు పోకుండ ఒక తలుపు ఉండవలెను; దానికి కటౌటు అని పేరు. వరద ఎక్కువైనపుడు కట్ట తెగకుండ అలుగు ఉండవలెను. దానికి రెగ్యులేటరు అని పేరు. చెరువు ఎండినదని చెరువును తిట్టి ప్రయోజనమేమి? కాలువ పూడినదా, తలుపు తెరువలేదా, కట్టకు బుంగ పడినదా, ఆయకట్టు శక్తికి మించినదా అని ఊరి నీరటి వరుసగా చూచును. చార్జింగు చెడిన బండిని బాగుచేయు విద్య అంతయు ఆ వరుసలోనే ఉన్నది.

తొలినాటి మోటారు డైనమోలకు సరియైన అలుగు లేదు. 1920ల నాటి బండ్లలో మూడవ బ్రష్షు అను ఏర్పాటు ఉండెడిది. దానిని కొంచెము జరిపి బిగించినచో చార్జింగు పెరుగును లేదా తగ్గును. ఒకసారి బిగించిన పిదప బ్యాటరీ నిండినను, నిండకున్నను విద్యుత్తు వచ్చుచునే ఉండును. కొన్ని బండ్లలో వేసవికి ఒక తీరు, చలికాలమునకు ఒక తీరు అని స్విచ్చి పెట్టెడివారు. దూరప్రయాణము చేయు డ్రైవరు బ్యాటరీ పొంగకుండ పట్టపగలు దీపములు వెలిగించి నడుపుటయు కలదు. చూచువారికి అది పిచ్చిగా తోచవచ్చును; కాని అది అలుగు లేని చెరువుకు మనిషి తానే గండి కొట్టుట వంటిది. చార్జింగు బాధ్యత అంతయు ఆనాడు డ్రైవరు చేతిలోనే ఉండెడిది.

1932లో నిజాము రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించినది. అవి స్కాట్లండులో తయారైన ఆల్బియను బస్సులు. నాటి బస్సు ఒకటి హైదరాబాదు బస్‌భవన్‌లో భద్రపరుపబడినది. ప్రభువుల కారు నిలిచిపోయినచో మరియొక కారు వచ్చును. వేళ ప్రకారము నడువవలసిన బస్సు నిలిచిపోయినచో సంతకు పోవు రైతు, కచ్చేరికి పోవు కక్షిదారు, ఆసుపత్రికి పోవు రోగి అందరును నిలిచిపోవుదురు. కావున బస్సులు వచ్చిన పిదపనే డైనమో ఆరోగ్యము నలుగురికి సంబంధించిన విషయమైనది.

1930ల నడిమినుండి బ్రిటిషు బండ్లలో లూకాస్ కంపెనీవారి నియంత్రణ పెట్టె వ్యాపించినది. యుద్ధానంతర కాలపు బండ్లలో ఎక్కువగా కనబడునది ఆర్.బి. 106 అను రకము. మూత తీసి చూచినచో లోపల రెండు తీగచుట్లు ప్రక్కప్రక్కన నిలిచియుండును. ఒకటి కటౌటు. డైనమో వోల్టేజి సుమారు 12.7 నుండి 13.3 వరకు ఎదిగినపుడు అది మూసుకొని డైనమోను బ్యాటరీతో కలుపును. ఇంజను నెమ్మదించినపుడు విడదీయును. రెండవది రెగ్యులేటరు. దాని మొనలు క్షణమునకు ఎన్నో మారులు కలిసి విడిపోవుచు, డైనమో తనకు తాను ఇచ్చుకొను విద్యుత్తును అదుపులో ఉంచును. డ్రైవరు చేతిలోని బాధ్యత ఆ విధముగా ఒక చిన్న పెట్టెకు సంక్రమించినది.

ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సువారు చేసిన లాండ్‌మాస్టరు, దాని వెనుక 1950ల చివర వచ్చి 2014 వరకు తయారైన అంబాసిడరు, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశమునకు చెందినవి. ఆ తరపు లూకాస్ డైనమోలలో సి-40 రకము ఇవ్వగల గరిష్ఠ విద్యుత్తు 22 ఆంపియర్లు. రెండు ముందుదీపములకు సుమారు 7, చిన్నదీపములకు 2, ఇంజను ఇగ్నిషనుకు 3 పోగా, రాత్రివేళ బ్యాటరీకి మిగులునది 10 మాత్రమే. అదియు బండి వేగముగా పోవునపుడు. నిలిచియున్న బండిలో, ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు డైనమో ఇచ్చునది ఇంచుమించు శూన్యము. ఊరూర ఆగు బస్సునకు, మైకు కట్టుకొని వీథులలో ప్రాకు జీపునకు బ్యాటరీ త్వరగా దిగిపోవుటకు కారణము ఇదియే. అది రోగము కాదు, స్వభావము. స్వభావమును రోగమని భ్రమించి విప్పిన డైనమోలెన్నో!

1955 డిసెంబరు 10న నందికొండ వద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిదప ఈ బాటలలో జీపుల, లారీల రాకపోకలు మరింత పెరిగినవి. దేశములోని ఆనకట్టలకు, కాలువలకు మట్టిపనులకై తరలిన పాలమూరు కూలీలు పిల్లాపాపలతో లారీల మీదనే ప్రయాణము చేసినారు. అట్టి లారీకి నడిరాత్రి దీపములు ఆరిపోయినచో, అది కేవలము యంత్రపు చిక్కు కాదు. పైన కూర్చున్న ప్రాణములకు సంబంధించిన సంగతి.

ఇక రోగనిర్ణయమునకు వత్తము. ఉదయము సెల్ఫు తిరుగదు. నలుగురు కూడి బండిని త్రోయుదురు. యజమాని వెంటనే బ్యాటరీ పోయినదనును. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, కాలువ తప్పునకు చెరువును దండించి క్రొత్త బ్యాటరీ కొనును. వారము దినములకు అదియు మొదటిదాని దారినే పోవును. చేయి తిరిగిన మిస్త్రీ అట్లు చేయడు. అతడు మొదట చూచునది ఎర్రదీపము.

తాళము త్రిప్పగనే ఎర్రదీపము వెలుగవలెను. బ్యాటరీ నుండి విద్యుత్తు ఆ దీపము గుండ, డైనమో గుండ నేలకు పోవుటచే అది వెలుగును. ఇంజను వేగము పుంజుకొని డైనమో వోల్టేజి బ్యాటరీతో సమానమైనపుడు దీపమునకు ఇరువైపుల ఒకే ఒత్తిడి ఏర్పడి అది ఆరిపోవును. కావున ఆ దీపము నాలుగు మాటలు చెప్పగలదు. తాళము త్రిప్పినను వెలుగనిచో బల్బు పోయినది, లేదా డైనమో బ్రష్షు అంటుట లేదు, లేదా తీగ తెగినది. వేగములో కూడ నిండుగా వెలుగుచున్నచో డైనమో పనిచేయుట లేదు. వేగములో మినుకుమినుకుమనుచున్నచో డైనమో పనిచేయుచున్నది కాని కటౌటు మొనల వద్దనో, తీగముడుల వద్దనో అడ్డంకి ఉన్నది. సక్రమముగా వెలిగి సక్రమముగా ఆరినచో ప్రధాన మార్గము నడుచుచున్నదని నమ్మవచ్చును. అపుడు బ్యాటరీని, రెగ్యులేటరు కొలతను చూడవలెను.

రెండవది బెల్టు. రెండు చక్రముల నడుమ బొటనవ్రేలితో అదిమినపుడు అర అంగుళము మేర లొంగుట సరి. అంతకు మించి లొంగినచో జారును. మరీ బిగుతైనచో డైనమో బేరింగులు అరుగును. మూడవది తీగముడులు. బ్యాటరీ కొమ్ముల మీద పేరుకొను తెల్లని, పచ్చని బూడిద విద్యుత్తునకు గోడ వంటిది. వేడినీళ్లతో కడిగి, తుడిచి, గీరి, వాజిలీను పూసినచో బండ్లు పెక్కు అచ్చటనే బాగగును. ఇంజనును చట్రముతో కలుపు అల్లిక పట్టీ తుప్పు పట్టినదేమో కూడ చూడవలెను. దమ్మిడీ ఖర్చు లేని పరీక్షలను ముందు చేయుట ఈ విద్యలో ధర్మము, అర్థము రెండును.

అప్పటికిని తెలియనిచో డైనమోను ఒంటరిగా విచారింపవలెను. దానికి రెండు తీగలుండును: లావుది విద్యుత్తును బయటకు తెచ్చునది, సన్ననిది దాని అయస్కాంతపు చుట్లకు పోవునది. రెండింటిని విప్పి, డైనమో మీది ఆ రెండు కొసలను చిన్న రాగితీగతో కలిపి, వోల్టుమీటరు ఒక మొనను అచ్చట, రెండవ మొనను డైనమో ఒంటికి తగిలించి, ఇంజనును నెమ్మదిగా వేగపరుపవలెను. ముల్లు తడబడక చకచక ఎక్కినచో డైనమో నిర్దోషి. అది 20 వోల్టులు దాటకముందే ఆపవలెను. అదుపు లేని డైనమోను ఉరికించుట దానిని కాల్చుటయే. ముల్లు అర వోల్టు, ఒక వోల్టు వద్ద ఆగినచో అయస్కాంతపు చుట్లు చెడినవని అనుమానము. ఇందాక చెప్పిన మిగులు అయస్కాంతమే ఆ కొంచెమును పుట్టించుచున్నది. నాలుగైదు వోల్టుల వద్ద ఆగినచో ఆర్మేచరు మీద అనుమానము. అసలు కదలనిచో బ్రష్షులు అరిగినవేమో, కమ్యుటేటరు మసి పట్టినదేమో చూడవలెను. మన చెలకల ఎర్రదుమ్ము బ్రష్షుల గూటిలో చేరి వానిని బిగదీయుట అరుదు కాదు. పెట్రోలుతో తడిపిన గుడ్డతో తుడిచినంతనే ప్రాణము వచ్చును. మీటరు లేని మిస్త్రీలు రెండు తీగలకు కట్టిన బల్బుతోనే, అది ఎంత తెల్లగా వెలుగుచున్నదో చూచి, ఈ పరీక్ష అంతయు చేసెడివారు.

డైనమో నిర్దోషి అని తేలినపుడే పెట్టె మూత తీయవలెను. రెగ్యులేటరు మొనలను సన్నని ఎమెరీతో శుభ్రపరుపవచ్చును. కటౌటు మొనలు మెత్తనివి, వానికి సన్నని గాజుకాగితము తప్ప ఎమెరీ తగిలింపరాదు. మీటరు లేక మరలను ఊహతో త్రిప్పుట మహాపరాధము. కటౌటు మొనలు అతుకుకొనిపోవుట అన్నిటికంటె అపాయకరము. ఇంజను ఆపినను బ్యాటరీ విద్యుత్తు డైనమోలోనికి తిరిగి ప్రవహించి, దానిని మోటారువలె త్రిప్పజూచును. తీగలు కాలి పొగ లేచును. ఆ సమయమున ఆలోచించుటకు వ్యవధి లేదు. మొట్టమొదట బ్యాటరీ తీగ విప్పివేయవలెను.

చార్జింగు తగ్గుట వలెనే హెచ్చుట కూడ రోగమే. బ్యాటరీ నీరు మాటిమాటికి తరిగిపోవుట, బల్బులు తరచు పేలుట దాని లక్షణములు. ఈ సీమ వేసవిలో ఇది మరింత బాధించును. ఎండ ఎక్కువైన కొలది బ్యాటరీకి కావలసిన వోల్టేజి తగ్గును. అందుచే లూకాస్ పెట్టెలో వేడికి వంగు జోడులోహపు రేకు ఒకటి అమర్చి, ఎండలో కొలత దానంతట అదే తగ్గునట్లు చేసినారు. బ్యాటరీ ఆమ్లపు గాఢత కూడ ఉష్ణదేశములలో శీతలదేశములకన్న తక్కువగా ఉండవలెను. చలిదేశపు అంకెలను చూచి ఇచ్చట ఆమ్లము చేర్చువాడు పలకలను తినివేయించును. తరిగినది నీరు, చేర్చవలసినదియు స్వేదనజలమే.

పాతబండ్లను నేడు మరల నడుపుకొనువారికి ఇంకొక మాట. 1960ల నడిమి వరకు బ్రిటిషు బండ్లలో బ్యాటరీ ధనకొసను చట్రమునకు కలుపుట వాడుక. పిమ్మట ఋణకొసను కలుపుట వచ్చినది. ఈ మార్పు చేసినపుడు డైనమోలో మిగిలిన అయస్కాంతపు దిశను కూడ మార్చవలెను. పెట్టె నుండి విప్పిన సన్నని తీగ కొసకు బ్యాటరీ చట్రమునకు కలుపబడని కొస నుండి తీగను క్షణకాలము తాకించినచో ఆ పని నెరవేరును. ఇది మరచినచో నిర్దోషియైన డైనమో విలోమముగా విద్యుత్తును పుట్టించి కటౌటును కాల్చును.

1960లో అమెరికాలో వాలియంటు బండి ఆల్టర్నేటరుతో వచ్చినది. సిలికాన్ డయోడులు చౌకగా దొరకుటతో అది సాధ్యమైనది. ఆల్టర్నేటరు ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నను విద్యుత్తు ఇచ్చును. డయోడులే తలుపులైనందున కటౌటు అక్కరలేదు. మన దేశములో 1961లో మద్రాసు పాడిలో స్థాపింపబడిన లూకాస్-టీవీయెస్ మొదలైన సంస్థలు మోటారు విద్యుత్ పరికరములను ఇక్కడనే తయారు చేయసాగినవి. కాలక్రమమున డైనమో బండ్ల నుండి తప్పుకొన్నది. క్రొత్త రెగ్యులేటరు చిన్న బిళ్ల. దానికి మూత లేదు, లోపల చూచుటకు ఏమియు లేదు. చెడినచో తీసి పారవేయుటయే.

ఇది లాభమే గాని నష్టము కాదు. శ్రీశైలము అడవిబాటలో దీపములు ఆరి పులిజాడల నడుమ తెల్లవారుజాము కొరకు ఎదురుచూచు అవస్థను ఎవ్వరును మరల కోరరు. కాని ఆ మూత లేని బిళ్ల వెనుక ఒక విద్య కనుమరుగగుచున్నది. అక్షరజ్ఞానము లేని మిస్త్రీ కూడ కంటితో దీపమును, వ్రేలితో బెల్టును, బల్బుతో డైనమోను పరీక్షించి, నిందితులను ఒక్కొక్కరిగా విడిచిపెట్టుచు, చివరకు దోషిని పట్టెడివాడు. ఆ క్రమము అతనికి గ్రంథముల ద్వారా అందినది కాదు. అది ఉస్తాదు నుండి శిష్యునకు, కారు క్రింద పరచిన గోనెసంచి మీద నోటిమాటగా వచ్చినది. చౌమహల్లాలోని రథమును, బస్‌భవన్‌లోని బస్సును తుడిచి మెరుగుపెట్టి నిలుపుకొన్నాము, మంచిదే. ఆ బండ్లను నడిపించిన తర్కమును కూడ అదే శ్రద్ధతో నిలుపుకొనవలెను. పాత కార్ఖానాలలో వృద్ధులైన మిస్త్రీలు ఇంకను అచ్చటచ్చట ఉన్నారు. వారి మాటలను, వారి పరీక్షల వరుసను వారి పదములలోనే వ్రాసి ఉంచుట ఇప్పుడు చేయదగిన పని. అది తెలిసినవానికి డైనమో పోయి ఆల్టర్నేటరు వచ్చినను, మరియొకటి వచ్చినను, చెరువును తిట్టుటకు ముందు కాలువ వెంట నడువవలెనను బుద్ధి మిగిలియుండును.